పటం విప్పే పిల్లగాడు

సంక్రాంతి దాటి వడ్లు ఇల్లు చేరినంక చేర్యాల, జనగామ చుట్టుపక్కల ఊళ్లలో పద్మశాలీల వాడకు వాళ్ల కులపురాణం చెప్పే కూనపులోళ్లు వచ్చేవాళ్లు. వాకిట్లో సాన్పు చల్లి, రెండు వెదురు బొంగులు పాతి, మీద ఒక అడ్డకర్ర కట్టి, కథంతా బొమ్మలుగా రాసిన పొడుగాటి బట్ట పటం పై కొన దానికి బిగించేవాళ్లు. పొద్దుగూకినంక మార్కండేయ పురాణం మొదలు. కథ చెప్పే పెద్దమనిషి చేతిలో బొమ్మలు చూపే కోల, పక్కన మద్దెల, తాళాలు, వెనక పల్లవి అందుకునే ఇద్దరు ముగ్గురు వంతలు. వీళ్లు గాక ఇంకొకడు ఉండేవాడు. కథ ఒక బొమ్మ దాటగానే అయిన భాగాన్ని పైకి చుట్టి, కింది బొమ్మ విప్పే పిల్లగాడు. మేళంలో అందరికంటే చిన్నవాడు, అందరికంటే ఎక్కువసేపు నిలబడేవాడు. ఆ కథలు విని పెరిగిన పెద్దలు కథకుని గొంతును ఇప్పటికీ తలుచుకుంటారు. పటం కాడ నిలబడ్డ పిల్లగాడు ఎవరని అడిగితే మాత్రం ఆలోచనలో పడతారు.

పిల్లల కోసం చారిత్రక సాహస నవల రాయాలనుకునేవాళ్లకు అంతకంటే మంచి కథానాయకుడు ఉత్తర తెలంగాణలో దొరకడు. తల్లీదండ్రీ లేని చిన్న కళాకారుడు, చెడ్డ కాలం, దారి పొడుగునా గండాలు. ఈ తరహా కథకు కావలసినవన్నీ మన ఊళ్లలోనే ఉన్నాయి, సర్కస్ డేరా ఎక్కడినుంచో తెచ్చి వేయనక్కర్లేదు. కావలసిందల్లా ఆ పని ఎట్లా నడిచేదో తెలియడం. అది తెలియకుండా రాస్తే పిల్లగాడు పాటలు పాడుతూ అడుక్కుతినే బాలుడిగా మిగిలిపోతాడు. పటం మేళం వాళ్లు అడుక్కునేవాళ్లు కారు. వాళ్లకు ఊళ్ల మీద హక్కు ఉండేది.

ముందు పటం సంగతి. బొమ్మలు రాసే చేర్యాల నకాషీ వాళ్లు పటానికి ముతక చేనేత బట్ట తీసుకుంటారు. బియ్యం గంజి, సుద్దమట్టి, ఉడికించిన చింతగింజల జిగురు, చెట్టు బంక కలిపి బట్టకు పూస్తారు. చింతగింజలు నానబెట్టి, రుబ్బి, వడగట్టి, చిక్కబడేదాకా కాచాలి. పూత ఒక్కసారితో కాదు, మూడుసార్లు. ఒకటి పూర్తిగా ఎండాకే ఇంకొకటి. జిగురు ఎక్కువైతే పూత బిరుసెక్కి, చుట్టినప్పుడల్లా పగులు తీస్తుంది. సుద్ద ఎక్కువై జిగురు చాలకపోతే పొడిపొడిగా రాలుతుంది. పటం రోజూ చుట్టి విప్పే వస్తువు కాబట్టి ఈ పాళ్లు తప్పితే బొమ్మ ఎంత బాగున్నా పనికిరాదు. ఆ తర్వాత కుంచెతోనే నేరుగా గీత గీస్తారు. బొమ్మల వెనక నేపథ్యమంతా ఎర్ర రంగు నింపుతారు. దూరం నుంచి, దీపం వెలుగులో, బొమ్మలు ఎగసి కనిపించేది ఆ ఎరుపు వల్లనే. నలుపుకు దీపం మసి, నీలానికి నీలిమందు, తెలుపుకు నూరిన గవ్వల పొడి, పసుపుకు పసుపు. సన్నని గీతలకు ఉడుత వెంట్రుకల కుంచె. చివరగా నల్ల గీతతో అంచులు దిద్దుతారు. దేవుళ్ల ఒళ్లు నీలం, పసుపు రంగుల్లో ఉంటుంది, రాక్షసుల ఒళ్లు ముదురు రంగులో. చదువు రాని పిల్లగాడు కూడా ఏ బొమ్మలో ఎవరున్నారో రంగును బట్టే చెప్పగలడు.

పటం వెడల్పు సుమారు 3 అడుగులు, పొడవు 40, 50 అడుగులు మామూలే, అంతకంటే పొడుగువీ ఉన్నాయి. 40 అడుగుల పటం అనుకోండి. ఒక్కో బొమ్మ అడుగు ఎత్తు ఉంటే 40 బొమ్మలు. కథ మూడు రాత్రులు సాగితే రాత్రికి 13, 14 బొమ్మలు. ఆరేడు గంటల కథలో ఒక్కో బొమ్మ ముందు సుమారు అరగంట. ఈ లెక్క రచయితకు చాలా అవసరం. అరగంటకోసారి మాత్రమే చేతికి పని ఉన్న పిల్లవాడు మధ్యలో నిద్ర ఆపుకోవాలి, దీపం వత్తి చూడాలి, కథకుని గొంతు వినాలి. ఏ మాట దగ్గర బొమ్మ మారుతుందో వాడికి నోటికి రావాలి. తొందరపడి ముందే విప్పితే యముడు పాశం పట్టుకొని రావడం జనం కథ కంటే ముందే చూసేస్తారు. ఆలస్యమైతే కథకుని కోల అయిపోయిన బొమ్మ మీదే ఆడుతుంది. మేళంలో వాడికి పడే తిట్లన్నీ ఈ రెండింటికే.

"తాతా, యముని బొమ్మ ఇప్పాల్నా?"

"ఆగు బిడ్డా. పోరడు లింగాన్ని పట్టుకోనియ్యి ముందు."

ఇట్లాంటి రెండు మాటలతో వాడి పని, వాడి ఆత్రం, ముసలాయన ఓపిక అన్నీ చదివే పిల్లలకు అర్థమవుతాయి. ప్రత్యేకంగా వర్ణించాల్సిన పని లేదు.

పటానికి పెద్ద శత్రువు నీళ్లు. రంగులు బంకలో కలిపినవి. తడి తగిలితే బంక కరిగి రంగు జారుతుంది. తడిసిన కట్టను అట్లాగే ఉంచితే ఒక చుట్టు బొమ్మ ఇంకో చుట్టు వెనక బట్టకు అతుక్కుంటుంది, తర్వాత లాగితే రంగు పెచ్చులుగా లేచివస్తుంది. అందుకని బట్ట సంచిలో పెట్టి, పైన గొంగడి చుట్టి మోసేవాళ్లు. గొర్రెబొచ్చు గొంగడి మీద చినుకులు కొంతసేపు నిలబడి జారిపోతాయి, మామూలు బట్ట వెంటనే పీల్చేస్తుంది. వాగు దాటేటప్పుడు కట్ట నెత్తి మీదికి ఎక్కుతుంది. 40 అడుగుల పూత పటం కట్ట కిందా మీదా నాలుగైదు కిలోలు ఉంటుంది. పదకొండేళ్ల పిల్లవాడికి అది కాసేపటికే మెడ లాగే బరువు. గంజి పూత కాబట్టి ఎలుకలు, పురుగులు కూడా వెంటపడతాయి. రాత్రి సత్రంలో పడుకుంటే కట్టను దూలానికి వేలాడదీయాలి. సాహస కథలో ప్రమాదం అంటే కత్తులు, తుపాకులే రాసే అలవాటు మనకుంది. ఈ పిల్లగాడికి అకాల వాన చాలు.

ఇప్పుడు హక్కు సంగతి, కథకు వెన్నెముక ఇక్కడే ఉంది. తెలంగాణలో దాదాపు ప్రతి వృత్తి కులానికీ దాని పురాణం చెప్పే ఆశ్రిత కులం ఒకటి ఉండేది. పద్మశాలీలకు కూనపులోళ్లు, గౌడులకు గౌడజెట్టీలు, ముదిరాజులకు కాకిపడగలోళ్లు, రజకులకు మడేలు పురాణం చెప్పే గంజికూటోళ్లు, మాదిగలకు జాంబపురాణం చెప్పే దక్కలోళ్లు, గొల్లలకు బొమ్మలతో కాటమరాజు కథ చెప్పే మందహెచ్చులోళ్లు. వీళ్లు ఇంకో కులం వాకిట్లో ఆ కథ చెప్పరు. ఏ కుటుంబానికి ఏ ఊళ్లో మిరాశి, అంటే తరతరాల హక్కు, ఉందో లెక్క ఉండేది. అన్నదమ్ములు వేరుపడితే పొలం పంచుకున్నట్టే ఊళ్లు పంచుకునేవాళ్లు. కథ అయ్యాక కులపెద్ద త్యాగం ఇప్పించేవాడు. కొంత డబ్బు, కొంత ధాన్యం, బట్టలు.

తండ్రి పోయిన పిల్లగాడికి ఆస్తి ఏమిటంటే ఇదే. ఒక పటం, కొన్ని ఊళ్ల మీద హక్కు. కానీ పటం కథ ఒక్కడు చెప్పేది కాదు. కథకుడు, మద్దెల, తాళం, వంత, పటం విప్పేవాడు, తక్కువలో తక్కువ ఐదుగురు ఉండాలి. వంత లేనిదే కథకుడు ఊపిరి తీసుకోలేడు. వాళ్లు పల్లవి అందుకున్నప్పుడే అతనికి తర్వాతి మాట గుర్తు తెచ్చుకునే వ్యవధి దొరికేది. గత్తర వచ్చి ఒక్క వారంలో మేళంలో ముగ్గురు పోతే మిగిలిన పిల్లగాడి చేతిలో హక్కు ఉంటుంది, కథ ఉంటుంది, చెప్పే దారి ఉండదు. కలరాను మనవాళ్లు గత్తర అనేవాళ్లు, కథలో కూడా ఆ మాటే ఉండాలి. నా దృష్టిలో ఈ నవలకు అసలు సాహసం మళ్లీ మేళం కూడగట్టడం. దాయాదులు ఊళ్లు లాక్కోవాలని చూడడం, షావుకారు దగ్గర కుదువపెట్టిన పటం విడిపించుకోవడం, గొంతు పోయిన ముసలాయనను బతిమాలి దారికి తేవడం, ఇవన్నీ దానిలోనే వస్తాయి.

కాలం ఏది పెట్టాలి? 1918 నాటి ఇన్‌ఫ్లుయెంజా, కరువు ఏళ్లు కూడా బాగానే నప్పుతాయి. కానీ 1944 నుంచి 1948 దాకా పెడితే కష్టం ఎక్కడినుంచి వచ్చిందో పిల్లలకు అంచెలంచెలుగా చూపించవచ్చు. రెండో ప్రపంచ యుద్ధం వల్ల బట్ట, నూలు కంట్రోలు కిందికి వచ్చాయి. నూలు దొరకకపోతే మగ్గం ఆగుతుంది. మగ్గం ఆగితే పద్మశాలీ ఇంట్లో గంజి తప్ప ఏమీ ఉండదు, త్యాగం ఇవ్వడానికి చేయి రాదు. కొందరు షోలాపూర్, బొంబాయి, భీవండి మిల్లులకు వెళ్లిపోతారు. సగం వాడ ఖాళీ అయితే కథ వినేవాళ్లే ఉండరు. చిరిగిన పటం స్థానంలో కొత్తది రాయించుకుందామంటే దానికీ బట్టే కావాలి, ఆ బట్ట నేసేవాళ్లే ఊళ్లో లేరు. ఎక్కడో జరిగే యుద్ధం చేర్యాల దగ్గరి ఒక పిల్లగాడి కంచంలోకి ఎట్లా వచ్చిందో ఈ వరుస చెబుతుంది. శ్రావణ పౌర్ణమి పద్మశాలీలకు నూలు పున్నమి. జంధ్యాలు మార్చుకునే పండుగ. నూలు లేని ఏడు ఆ పండుగ వాడలో ఎట్లా గడిచి ఉంటుందో ఒక అధ్యాయం మొత్తం రాయవచ్చు, మిగతాదంతా కుదించినా సరే.

ఆ కాలంలో రైతుల మీద సర్కారుకు తప్పనిసరిగా ఇవ్వాల్సిన లెవీ ధాన్యం భారం పడింది. పెద్ద భూస్వాములు తప్పించుకుంటే చిన్నవాళ్ల గరిసెలు ఖాళీ అయ్యాయి. కిరసనాయిలు కొరత వచ్చింది. మనవాళ్ల గ్యాసునూనె అదే. కందిలి వెలగకపోతే రాత్రి కథ ఎట్లా? ఆముదం దీపాలకు మళ్లాలి. ఆముదం వెలుగు పచ్చగా, తక్కువగా ఉంటుంది. పటానికి దగ్గరగా పట్టుకోవాలి, దగ్గరగా పడితే మసి అంటుతుంది. పిల్లగాడి చేతికి ఇంకో పని వచ్చిపడుతుంది. దీపం బొమ్మకు ఎంత దూరంలో పట్టాలి, ఏ చేత్తో పటం విప్పాలి. ఇట్లాంటి చిన్న చిక్కులు చదివే పిల్లలకు భలే పడతాయి. వాళ్లు కూడా చేతులు చాపి చూసుకుంటారు.

రాజకీయం చెప్పకుండా ఆ ఏళ్లు రాయలేం, అట్లాగని పుస్తకాన్ని పాఠంగా మార్చకూడదు. జనగామ తాలూకా కడివెండిలో 1946 జూలై 4న దొడ్డి కొమరయ్య విసునూరు దేశ్‌ముఖ్ మనుషుల తుపాకులకు బలయ్యాడు. పాలకుర్తిలో చాకలి ఐలమ్మ తన పంటను కాపాడుకోవడానికి నిలబడింది. ఊళ్లల్లో వెట్టి నడిచేది. సభలు పెట్టాలంటే ముందే అనుమతి తీసుకోవాలన్న నిజాం సర్కారు ఉత్తర్వు గస్తీ నిశాన్ 53 అమల్లో ఉండేది. అదే సమయంలో సుద్దాల హనుమంతు గొల్లసుద్దులను తెలంగాణ రైతాంగ పోరాటం చేతికి తెచ్చాడు, బుర్రకథలు ఊరూరా తిరిగాయి. కాబట్టి మద్దెల, కోలలు, పొడుగాటి మూట పట్టుకొని చీకట్లో నడిచే ఐదుగురిని పోలీసు అమీను ఆపడం సహజం. మూట విప్పమంటాడు. చీకట్లో, దారి దుమ్ములో 40 అడుగుల పటం విప్పాల్సి వస్తుంది. పిల్లగాడు వణుకుతూ మొదటి బొమ్మ చూపించి కథ అందుకుంటాడు, అడిగినన్ని బొమ్మలూ చెబుతాడు. ఆ సన్నివేశానికి ఇంకేమీ జోడించకండి. వాడికి ఆ కథ మొత్తం వచ్చని అప్పుడే మేళం వాళ్లకు కూడా తెలుస్తుంది.

మార్కండేయుని కథ ఇక్కడ ఎంత ఒదుగుతుందో చూడండి. పదహారేళ్లకే చావు రాసిపెట్టి ఉన్న పిల్లవాడు శివలింగాన్ని వాటేసుకొని యముని పాశం నుంచి బయటపడతాడు. ఆ వంశంలో పుట్టిన భావనారుషి తామరతూడు నారతో దేవతలకు మొదటి బట్ట నేస్తాడు, సూర్యుని కూతురు భద్రావతిని పెళ్లాడతాడు. చావును తప్పించుకున్న పిల్లవాడి కథను, చావు చుట్టూ తిరుగుతున్న కాలంలో, తల్లిదండ్రులు పోయిన పిల్లవాడు చెప్పడం. ఈ పోలికను రచయిత నోరు తెరిచి చెప్పకూడదు. పిల్లలు వాళ్లంతట వాళ్లే పట్టుకుంటారు. పురాణంలోని బొమ్మల వరుసనే అధ్యాయాల వరుసగా పెట్టుకుంటే పుస్తకానికి నిర్మాణం కూడా అయాచితంగా దొరుకుతుంది.

తోడుగా ఎవరు? పద్మశాలీలకే ఆశ్రితులైన సాధనాశూరులు ఉన్నారు. గారడీ, సాహస విద్యలు చూపేవాళ్లు. ఆ ఇంటి పిల్లవాడిని ఒకణ్ని జత చేస్తే సాహస కథకు కావలసిన చురుకుదనం వస్తుంది. ఇద్దరూ ఒకే వాడకు వస్తారు, ఒకే కులపెద్ద దగ్గర త్యాగం తీసుకుంటారు. మొదట్లో పోటీ, తర్వాత స్నేహం. కథానాయిక ఆడపిల్ల కావాలనుకుంటే మాత్రం పటం మేళం కంటే యక్షగానం ఆడే చిందు మేళం మంచిది. చిందులో ఆడవాళ్లు మొదటినుంచీ వేషం కట్టారు. నిజామాబాద్ జిల్లా చిందుల ఎల్లమ్మ చిన్ననాటినుంచే ఆడింది, మగ వేషాలు కూడా కట్టి మెప్పించింది. చిందు మేళంలో కిరీటం, భుజకీర్తులు పొనికి కర్రతో చేస్తారు. ఆ కర్ర తేలిక, పిల్లలు మోయగలరు. కానీ తేలిక కర్ర కాబట్టి కింద పడితే అంచు విరుగుతుంది. ముఖానికి అర్దళం అనే పసుపుపచ్చ రంగు పూస్తారు. జనగామ దగ్గరి అప్పిరెడ్డిపల్లి గడ్డం సమ్మయ్యకు 2024లో పద్మశ్రీ వచ్చాక చిందు పేరు మళ్లీ అందరి నోళ్లలో పడింది. పటం చెప్పేవాళ్ల పేర్లు అంతగా వినబడకపోవడం నాకు బాధగానే ఉంటుంది.

దారి సంగతిలో చాలామంది రచయితలు తడబడతారు. చేర్యాల నుంచి జనగామకు దాదాపు 30 కిలోమీటర్లు. రాత్రంతా కథ చెప్పిన మేళం పొద్దున లేచి ఆ దూరం నడవదు. మధ్యాహ్నం దాకా పడుకుంటుంది, సాయంత్రం ఎండ తగ్గాక పది, పన్నెండు కిలోమీటర్లు నడుస్తుంది, ఇంకో ఊళ్లో ఆగుతుంది. అంటే రెండు మూడు రోజుల దారి. జనగామలో రైలు ఉంది. అక్కడినుంచి కాజీపేట, వరంగల్ చేరవచ్చు. ఏ నెలలో ఏం జరుగుతుందో కూడా చూసుకోవాలి. కొమురవెల్లి మల్లన్న జాతర సంక్రాంతికి మొదలై ఉగాది దాకా ఆదివారాలు సాగుతుంది, ఐనవోలు జాతర కూడా సంక్రాంతికే మొదలవుతుంది. మల్లన్న కథ చెప్పే ఒగ్గు వాళ్లు రంగుల ముగ్గులతో పట్నాలు వేసే ఆ రద్దీలో తప్పిపోయిన మేళగాడిని వెతకడం మంచి ఘట్టం అవుతుంది. పటం కథ తొలకరి పడేదాకానే. వానాకాలంలో మేళాలు ఆడవు, పటం విప్పరు. బైరాన్‌పల్లిలో రజాకార్ల మారణకాండ 1948 ఆగస్టు 27న జరిగింది, నిండు వానాకాలం. ఆ రాత్రి ఊళ్లో పటం కథ నడుస్తున్నట్టు రాస్తే కథ అక్కడే అబద్ధమైపోతుంది. ఆ నెలల్లో మేళం వాళ్లు కూలికి పోతారు, నాట్లు వేస్తారు. పిల్లగాడు పొలం గట్టు మీద ఉండాలి. ఆ ఊరి బురుజు వైపు నుంచి తుపాకుల చప్పుడు వాడికి దూరంగానే వినబడాలి. పిల్లల పుస్తకానికి అంత దూరం సరిపోతుంది. ఆ తర్వాత మూడు వారాలకు, సెప్టెంబర్ 17న, నిజాం లొంగిపోయాడు.

ఇంకొన్ని పొరపాట్లు తరచుగా కనిపిస్తాయి. జనగామ తాలూకా ఆ రోజుల్లో నల్గొండ జిల్లాలో ఉండేది. "వరంగల్ జిల్లా జనగామ" అని 1946లో ఎవరూ అనరు. చేతిలో ఆడేది నిజాం హాలీ సిక్కా రూపాయి. పక్కనున్న ఇంగ్లీషు రాజ్యం రూపాయి కంటే దాని విలువ తక్కువ. రూపాయికి 16 అణాలు. ధాన్యం కిలోల్లో కొలవకూడదు. రెండు సోలలు ఒక తవ్వ, రెండు తవ్వలు ఒక మానిక, నాలుగు మానికలు ఒక కుంచం. పిల్లగాడు తినేది జొన్న గట్క, అంబలి, మక్క గట్క. వరి అన్నం పండుగనాడు, లేదా కథ బాగా పండిన ఇంట్లో. సర్కారు బడిలో చదువు ఉర్దూలో. ఊరి పెద్దలు పటేలు, పట్వారీ, గడిలో దొర. దొర ముందు పెద్దవాళ్లు "నీ కాల్మొక్త, బాంచను" అంటుంటే పిల్లగాడు నోరు మెదపకుండా నిలబడితే, ఆ మౌనమే ఒక సంఘటన అవుతుంది. ఇంట్లో మాత్రం తాతా, చిన్నాయినా, అవ్వా. కథ నడిపే వాక్యాలు అందరికీ అర్థమయ్యే తెలుగులో ఉన్నా మాటలు మాత్రం ఆ ఊరి మాటలే కావాలి. "వెళ్తున్నాను" అనే పిల్లగాడు అక్కడ పుట్టలేదు. వాడు "పోయొస్త" అంటాడు.

నేర్చుకోవడం ఎట్లా జరిగేదో కూడా కాస్త నిలబడి రాయాలి. మొదట మోత, నీళ్లు, దీపం. తర్వాత తాళం. తర్వాత వంత. ఈ మూడూ చేస్తుండగానే బొమ్మల వరుస కంటికి పడుతుంది. గురువు కూర్చోబెట్టి పద్యం చెప్పడం తక్కువ. పగటిపూట, అందరూ పడుకున్నప్పుడు, పటం కొంత విప్పి ఈ బొమ్మలో ఏముందో చెప్పమంటాడు. చెప్పలేకపోతే మళ్లీ చుడతాడు, రేపటిదాకా ఆ బొమ్మ చూపించడు. పెద్ద పరీక్ష గొంతుది. పన్నెండు, పదమూడేళ్ల మగపిల్లలకు గొంతు పగిలే కాలం వస్తుంది. అప్పటిదాకా ముద్దుగా పలికిన వంత ఒక్కసారిగా బొంగురు పోతుంది. మేళంలో ఆ పిల్లవాడికి కొన్నాళ్లు పాట ఆపి తాళమే ఇస్తారు. మన కథానాయకుడి వయసు పదకొండు దగ్గర మొదలుపెట్టి పద్నాలుగు దాకా నడిపితే ఈ గండం కూడా సహజంగా కథలో పడుతుంది, అది దొర కంటే, అమీను కంటే వాణ్ని ఎక్కువ భయపెట్టాలి.

కథ వరంగల్‌లో ముగిస్తే బాగుంటుందని నా ఆలోచన. ఆజంజాహి బట్టల మిల్లు 1934లో మొదలైంది. మగ్గాలు వదిలిన ఎందరో నేతగాళ్లకు ఆ మిల్లు, ఆ పక్క కొత్తవాడ ఆసరా అయ్యాయి. ఊళ్లల్లో వెతికి వెతికి దొరకని తన మిరాశి ఇళ్లవాళ్లు మిల్లు కూలీలుగా ఇక్కడ కనబడతారు. హక్కు ఊరికి చెందిందా, మనుషులకు చెందిందా అనే ప్రశ్న అప్పుడు లేస్తుంది. ఊళ్లో అయితే కులపెద్ద తేల్చేవాడు. ఇక్కడ నాలుగు తాలూకాల పద్మశాలీలు కలిసి ఉన్నారు. నాలుగు కూనపులి కుటుంబాలు తమ హక్కు అనవచ్చు. దాయాది కూడా అక్కడికే వస్తాడు. పిల్లలకు తగవు అర్థం కాదనుకోవద్దు, తగవులో ఎవరిది న్యాయమో వాళ్లకు మనకంటే తొందరగా తెలుస్తుంది. షిఫ్టు అయ్యాక వినడానికి వచ్చే జనానికి తెల్లవార్లూ కూర్చునే తీరిక లేదు. మూడు రాత్రుల కథను రెండు గంటలకు కుదించాలి. ఏ బొమ్మలు ఉంచాలి, ఏవి చుట్టేయాలి అని తేల్చుకునేది ఇన్నాళ్లూ పటం విప్పుతూ వచ్చిన పిల్లగాడే. ఆ మేళంలో ఒక్కో బొమ్మ ముందు జనం ఎంతసేపు కళ్లార్పకుండా చూస్తారో, ఎక్కడ ఆవలిస్తారో వాడికి తెలిసినంతగా కథకుడికి కూడా తెలియదు, ఎందుకంటే కథకుడు చూసేది బొమ్మను, వాడు చూసేది జనాన్ని.

చివరి రాత్రి మంగళహారతి అయ్యాక త్యాగం పంచుకునే లెక్క తప్పకుండా రాయండి. వచ్చిన డబ్బు ముందు దీపం నూనెకు, పటం మరమ్మతుకు పక్కకు తీయాలి. తర్వాత కథకుడికి పెద్ద వంతు, మద్దెలకు, వంతలకు తలా ఒక వంతు. పటం సొంతదారుకు విడిగా ఒక వంతు, ఎందుకంటే పటం చిరిగితే కొత్తది రాయించే భారం ఆయనది. పిల్లవాడికి మామూలుగా అర వంతు. ఇక్కడ పటం వాడిదే, బొమ్మలు ఏరిందీ వాడే. కాబట్టి పెద్దలు కాసేపు వాదించుకోవాలి. పాత పటం అప్పటికి అంచులు అరిగి, వాన మరకలు పడి, యముని ముఖం సగం రాలిపోయి ఉంటుంది. పనికిరాని పటాన్ని పారేయరు, పూజ చేసి నదిలో కలుపుతారు, అదీ కొత్తది చేతికి వచ్చాకే. మిల్లు బట్టతో పటం రాస్తే పూత సరిగా పట్టుకుంటుందా, ముతక చేనేత బట్టే వెతకాలా అన్నది చేర్యాల నకాషీ ముసలాయన ముందు పెట్టాల్సిన ప్రశ్న. దానికి బయానా ఎంత ఇవ్వాలో వాడి వంతు డబ్బుల్లోంచి లెక్కపెట్టుకుంటూ పిల్లగాడు మళ్లీ జనగామ రైలెక్కుతాడు.